వరిగడ్డికి అగ్గి వెడితే పాలల్ల వెన్న తగ్గుతది

యాసంగి కోతలు అయిపోంగనే మా కరీంనగర్ దిక్కు పొలాలల్ల పొగ లేస్తది. హార్వెస్టర్ కోసినంక మిగిలిన గడ్డికి అగ్గి వెడ్తరు. మళ్ల అదే ఊర్లె పాలకేంద్రం కాడ ‘వెన్న శాతం ఎందుకు తగ్గింది’ అని పంచాయితి నడుస్తది. ఈ రెండు ముచ్చట్లకు సంబంధం ఉంది. దాణా బస్తాలకు పైసలు వెడ్తున్నం, గడ్డిని కాలవెడ్తున్నం. నేను ఇది రాసేది అందుకే.

ముందుగాల బర్రె కడుపు సంగతి చూద్దాం. ఆవు, బర్రె, గొర్రె, మ్యాకల కడుపుల నాలుగు అర్రలుంటయ్. అందుల అన్నిటికన్న పెద్దది రూమెన్. పెద్ద బర్రెకైతే అండ్ల నూరు లీటర్లకు మీదనే పడ్తది. గడ్డిల ఉన్న పీచును బర్రె సొంతంగ అరిగించుకోలేదు. ఆ పని రూమెన్‌ల బతికే కోట్ల సూక్ష్మజీవులు చేస్తయ్. అండ్ల శాన మట్టుకు గాలి తగిలితె బతకయ్. అందుకే అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ గాలి సోకకుంట వాటిని పెంచే పద్ధతి కనిపెట్టినంకనే వాటి గుట్టు బయటవడ్డది. 1966ల ఆయన దీని మీద పుస్తకమే రాసిండు.

ఈ జీవులు పీచును పులియవెట్టి ఎసిటేట్ తయారు చేస్తయ్. అది నెత్తుట్ల కలిసి పొదుగుకు పోతది. పాలల్ల వెన్నకు అదే ముఖ్యమైన ముడిసరుకు. పీచు తగ్గితే ఎసిటేట్ తగ్గుతది, దాంతోని వెన్న తగ్గుతది. పాలకేంద్రంల లీటరుకు వచ్చే పైసలు వెన్న లెక్కనే కదా. అంటే మన జేబుకు కూడా చిల్లు వడ్డట్టే.

పీచు చేసే ఇంకో పని నెమరు వేయించుడు. పెద్ద పశువు రోజుల ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరేస్తది. నమిలినకొద్ది ఉమ్మి ఊరుతది, రోజుకు నూరు లీటర్ల దాక. ఆ ఉమ్మిల సోడా గుణం ఉంటది. కడుపుల పుట్టే పులుపును అదే ఇరుగుడు చేస్తది.

ఇగ మనోళ్లు చేసే పని చూడుండ్రి. ఈనిన బర్రెకు బలం కావాలెనని మక్కపిండి, నూకలు, గట్క బకెట్ల కొద్ది పోస్తరు. పెండ్లిల మిగిలిన అన్నం అంత తెచ్చి దాని ముందట వెడ్తరు. పిండి పదార్థం ఒక్కసారే పడేసరికి రూమెన్‌ల లాక్టిక్ ఆమ్లం పుడ్తది. పీచును అరిగించే జీవులు ఆ పులుపుకు సచ్చిపోతయ్. బర్రె మేత ముట్టది, నెమరేయది, పెండ పల్చగ పులుపు వాసన వస్తది. ముదిరితే ఒకటి రెండు రోజులల్లనే పానం పోతది. గసొంటప్పుడు నాటు మందులతోని పొద్దు గడపొద్దు. 1962కు ఫోన్ కొడితే సంచార పశువైద్యశాల వస్తది. గొర్ల కాపర్లు కూడా జాగ్రత్త. కోసిన మడుల్ల రాలిన వడ్లు, మక్కలు ఒక్కసారే మేస్తే పులుపుతోపాటు చిటుకు రోగం కూడా వచ్చే ప్రమాదముంటది.

ఆదిలాబాద్ దిక్కు యాసంగి జొన్న ఇంకా ఏస్తున్నరు. గింజ ఇంటికి, సొప్ప కొట్టానికి. పత్తి ఏస్తే పైసలు రావచ్చు గని పత్తికట్టెను పశువు మేయదు. అందుకే ఒక చెల్క ముక్కనన్న జొన్నకు ఉంచుడు మంచిదని నేనంట. ఒక్కటి యాదుంచుకోండ్రి. మోకాలెత్తు లేని, వానల్లేక వాడిన లేత జొన్నల విషముంటది. దాన్ని మేపొద్దు.

వరిగడ్డిల బలం తక్కువ అన్నది నిజమే. అండ్ల మాంసకృత్తులు 3, 4 శాతమే ఉంటయ్. దానికి మందుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 60 లీటర్ల నీళ్లల్ల కరిగించి, పొరపొరకు చల్లి, తొక్కి, గాలి సొరకుంట కవర్ కప్పి 21 రోజులుంచాలె. తీసినంక కొద్దిసేపు ఆరవెట్టి, కొద్దికొద్దిగ అలవాటు చెయ్యాలె. గడ్డి మెత్తవడ్తది, రూమెన్ జీవులకు నత్రజని దొర్కుతది. ఆరు నెలల లోపు దూడలకు వెట్టొద్దు. యూరియాను కుడితిల కలిపి తాపుడు మాత్రం అసలే చెయ్యొద్దు, అది విషం.

మేత మార్చేటప్పుడు పది పదిహేను రోజులు తీసుకోండ్రి. కొత్త మేతకు తగ్గ జీవులు పెరిగేతందుకు ఆ మాత్రం టైం కావాలె. గడ్డిని కోసి వేసినా మరీ పొట్టు చెయ్యొద్దు. పొట్టైతే నమిలే పని తగ్గుతది. ఎండు లెక్కన మేతల రెండొంతులు గడ్డి, పచ్చిమేత ఉండాలె, ఒక వంతే దాణా.

ఇగ లెక్క చూద్దాం. ఎన్ని వడ్లు పండితే దాదాపు అంత గడ్డి వస్తది. ఎకరానికి చేతికందేది 20 క్వింటాళ్లనుకున్నా, పచ్చిమేతతోని కలిపి రోజుకు 5 కిలోలు వేస్తే 400 రోజులు వస్తది. అంటే ఎకరం కాలవెడితే ఒక బర్రె ఏడాది మేత బూడిదైనట్టు. గడ్డిని కట్టలు కట్టే బేలర్ మిషన్లు ఇప్పుడు ఊర్లల్లకు వస్తున్నయ్. తలా ఇంత ఏసుకుని కిరాయికి తెప్పించుకోవచ్చు. పశువులు లేనోళ్లు ఉన్నోళ్లకు ఇచ్చినా గడ్డి కడుపులకే పోతది. కోరుట్లల పశువైద్య కాలేజి ఉంది, అనుమానముంటే పోయి అడుగుండ్రి. ఫోన్ చేతిల ఉన్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ లెక్క ఇంట్ల పెద్దోళ్లకు చదివి ఇనిపియ్యుండ్రి. వచ్చే కోతలకు అగ్గిపెట్టె తీసేముందు ఒక్కసారి కొట్టం దిక్కు చూస్తే సాలు.