ముందు కుటుంబం, వెనుక సామాను

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లో మొదలైంది. అక్కడ తయారైన డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్‌లో ఐదుగురు హాయిగా కూర్చోవచ్చు. వెనుక తొట్టిలో ఎరువు బస్తాలో, పెళ్లి సామానో వేసుకోవచ్చు. ఒకే బండితో పొలం పనీ ఇంటి పనీ సాగాలనుకునేవారికి సెకండ్‌హ్యాండ్‌లో ఇది మంచి బేరమే.

అయితే కొనేముందు కిందికి దూరి చూడాలి. పైన రంగు ఎంత మెరిసినా ఛాసిస్ మీది తుప్పు, వెల్డింగ్ అతుకులు, విరిగిన కమాన్ కట్టలు మోసిన బరువును దాచలేవు. ఫోర్‌వీల్ డ్రైవ్‌ను మట్టిబాటలో వేసి నడపాల్సిందే. తొట్టి ఖాళీగా ఉంటే కమాన్ కట్టలు గతుకుల్లో ఎగరేస్తాయి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను వెనుక సీట్లో కూర్చోబెట్టి తిప్పి చూడటం మేలు.

నంబరు తెల్లబోర్డా, పసుపుబోర్డా? పసుపైతే ఫిట్‌నెస్ పరీక్షలు తప్పవు. బండి ఫైనాన్స్‌లో ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చూశాకే డబ్బు ఇవ్వాలి.

బండి పొడవు 5 మీటర్లు దాటుతుంది. ఇంటి ముందు జాగాను టేపుతో కొలిచాకే బేరానికి దిగాలి.