నోటి స్తోత్రం చేతికి దిగాలి

మన పల్లెల్లో కోతలయ్యాక చర్చిలో కోత పండుగ చేస్తారు. ఆ రోజు కానుకల పళ్ళెం కంటే ముందు నిండేది బల్ల ముందున్న నేల. ఒకరు తట్టెడు వడ్లు తెస్తారు, ఒకరు గుమ్మడికాయ, మరొకరు కాళ్ళు కట్టిన నాటుకోడి. పొలం పుట్రా లేని ముసలమ్మ కొంగున మూటగట్టిన నాలుగు కోడిగుడ్లు తెచ్చి జాగ్రత్తగా ఓ పక్కన పెడుతుంది. ఆరాధన ముగిశాక చర్చి ముంగిట్లో వేలం. అయ్యగారు గుమ్మడికాయ ఎత్తి చూపగానే యాభైతో మొదలైన పాట ఐదు వందల దాకా పోతుంది. పాడుకున్నాయన డబ్బు కట్టేసి, కాయను మళ్ళీ అయ్యగారి చేతికే ఇచ్చి, "ఇంకోసారి పాడించండి అయ్యగారూ" అంటాడు. అలా ఒకే కాయ మూడుసార్లు అమ్ముడుపోతుంది. సంతలో అంతకంటే పెద్ద కాయ పదో వంతు ధరకు వస్తుందని పాడేవాళ్ళందరికీ తెలుసు. అయినా పాడతారు. ఆ ఏడు పంట చేతికొచ్చినందుకు వాళ్ళు కృతజ్ఞత చెప్పుకునే తీరు అది.

అమెరికాలో పెరుగుతున్న మీకు థాంక్స్‌గివింగ్ తెలుసు. నవంబరులో నాలుగో గురువారం, టర్కీ, ఫుట్‌బాల్, మర్నాటి సేల్స్. కెనడాలో ఉన్నవారికి అక్టోబరు రెండో సోమవారమే ఆ పండుగ. అబ్రహాం లింకన్ దేశమంతటా ఈ పండుగ జరపాలని ప్రకటించిన 1863లో అంతర్యుద్ధం నడుస్తోంది. ఇంటింటా చావు కబుర్లు వస్తున్న ఏడాది అది. అన్నీ అమిరాక చెప్పే కృతజ్ఞత ఎవరైనా చెప్పగలరు. కష్టకాలంలో కూడా అందినదాన్ని గుర్తుపట్టి, అందులోంచి ఇంకొకరికి ఇవ్వగలగడం నేర్చుకోవాల్సిన విద్య. ఆ విద్యలో మన తెలుగు సంఘాలకు మంచి అనుభవమే ఉంది. ఈ వ్యాసం దాని గురించి.

ముందే తీసిన పిడికెడు

వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడి పల్లెల్లోనే జీవితం గడిపారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయన. అది 1912 డిసెంబరులో. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్ళు. పస్తులుండే ఇళ్ళను కానుక అడగడమేమిటని అనేవాళ్ళూ ఉన్నారు. అజరయ్య అలా అనుకోలేదు. ఇవ్వడం ధనవంతుల హక్కు, పుచ్చుకోవడం పేదల రాత అని ఒప్పుకుంటే పేదవాడు ఎప్పటికీ తల ఎత్తలేడని ఆయన నమ్మకం.

తెలుగు పల్లె సంఘాల్లో ఆ నమ్మకం పిడికెడు బియ్యం రూపంలో కనిపించేది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, కొలిచిన బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా ఒక కుండలో వేసేది. వారం తిరిగేసరికి ఆ కుండ చర్చికి వెళ్ళేది. పాస్టరుగారి జీవనానికో, తమకంటే లేనివారి ఇంటికో ఆ బియ్యం చేరేది. ఇక్కడ చూడాల్సింది పిడికెడు ఎప్పుడు తీశారన్నది. వండకముందే తీశారు. తిన్నాక మిగిలితే ఇద్దామనుకుంటే ఏ ఇంట్లోనూ ఏదీ మిగలదు.

మీలో కొందరు ఈ ఏడాది మొదటి జీతం అందుకుంటారు. క్యాంపస్ కెఫెటేరియాలో గంటల లెక్కన వచ్చేది కావచ్చు, సాఫ్ట్‌వేర్ కొలువు కావచ్చు. అద్దె, ఫోను బిల్లు, సబ్‌స్క్రిప్షన్లు పోగా మిగిలింది చూద్దామనుకోకండి. చిన్న మొత్తమే అయినా ముందే పక్కన పెట్టండి. ఎవరికివ్వాలో నింపాదిగా ఆలోచించవచ్చు. దేవాలయపు కానుకల పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు మెచ్చుకున్న సంగతి మీరు సండే స్కూలులో వినే ఉంటారు. ఆమె ఎంత వేసిందని ఆయన చూడలేదు, వేశాక ఆమె దగ్గర ఏం మిగిలిందో చూశాడు.

ఒక జాగ్రత్త. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఏదో అనాథాశ్రమానికి వెళ్ళి, పిల్లలకు బిస్కట్లు పంచి, వాళ్ళతో సెల్ఫీ దిగి, "మనమెంత అదృష్టవంతులమో" అని పోస్టు పెట్టడం కృతజ్ఞత కాదు. ఎదుటివాడి లేమిని చూసి మన కలిమికి మురిసిపోవడం అది. ఆ పిల్లల పేర్లు మీకు ఏడాది తర్వాత గుర్తుంటాయా? గుర్తుండేంత పరిచయం పెంచుకోండి. ఫొటో అవసరం రాదు.

పాట కట్టినవారు, గుడి కట్టినవారు

విశ్వాసం కొత్తదైనప్పుడు మన పెద్దలకు దొరలు తెచ్చిన పాటలూ అందాయి, ఆ పాటల బాణీలూ అందాయి. కొందరు వాటితో సరిపెట్టుకోలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు రాశారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఇంట్లో ఉంటే తీసి చూడండి. పాటకు పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. అక్షరాలు పక్కనపెట్టి పైన ఉన్నది మాత్రమే చదివితే ఏ సంగీత కచేరీ పట్టికో అనుకుంటారు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న మీ స్నేహితురాలికి ఆ పుస్తకం చూపిస్తే చర్చి పాటలో తనకు తెలిసిన రాగాన్ని గుర్తుపడుతుంది.

అయితే పుస్తకంలో రాగం పేరే ఉంటుంది గానీ స్వరాలు ఉండవు. ఆ బాణీలు అమ్మమ్మ నోటి నుంచి అమ్మకు, అమ్మ నుంచి మనకు వచ్చాయి. ఒకే కీర్తనను గుంటూరులో ఒకలా, వరంగల్లులో ఇంకోలా పాడతారు. ఆ పాడేవాళ్ళు పోతే ఆ బాణీ కూడా పోతుంది. వారాంతం వీడియో కాల్‌లో "భోంచేశావా" అనేది అయ్యాక, "అమ్మమ్మా, నీ చిన్నప్పటి కీర్తన ఒకటి పాడవా" అని అడిగి రికార్డు చేయండి. ఏ ఊళ్ళో ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా చెప్పించండి. వయొలిన్ వచ్చినవాళ్ళు దాన్ని వాయించండి, రాయడం వచ్చినవాళ్ళు స్వరాలు రాసిపెట్టండి. సెమీ క్రిస్మస్‌కు ప్రతి ఏడూ అదే ఇంగ్లీషు క్యారల్ పాడే బదులు ఇది పాడితే, వచ్చిన పెద్దవాళ్ళలో ఒకరైనా గొంతు కలుపుతారు.

పాటల్లో చౌదరిగారు చేసిన పనినే అజరయ్య రాతి కట్టడంలో చేశారు. 1939 జనవరిలో ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్‌కు మసీదును తలపించే గుమ్మటాలు, మినారులు ఉంటాయి. లోపల స్తంభాలు దక్షిణాది గుళ్ళ స్తంభాల్లా ఉంటాయి. ఈ నేల మీద పుట్టిన అందం ఏదీ తన దేవుడికి పరాయిది కాదని ఆయన రాళ్ళతో చెప్పారు. మెదక్ చర్చిది ఇంకో కథ. కరువు రోజుల్లో ఊరికే గంజి పోసే బదులు పని కల్పించి అన్నం పెట్టాలని ఛార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టిన నిర్మాణం అది. పదేళ్ళు కట్టి 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. దాని గంట గోపురం ఎత్తు 175 అడుగులు. అందమైన కట్టడం, ఆకలి తీర్చే కూలి ఒకే పనిలో ఇమడగలవని మెదక్ చూపిస్తుంది.

ఇక గుర్రం జాషువా. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఈ కవి 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయనకు పేరు తెచ్చిన 'గబ్బిలం' కావ్యంలో గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఒక అంటరానివాడు తన గోడును గబ్బిలంతో శివుడికి చెప్పి పంపుతాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందన్న ఒక్క ఊహతో ఊరి నీతినంతా నిలదీశారు జాషువా. తన మతం కాని దేవుడి గుమ్మం ముందు నిలబడి, తోటి మనిషి బాధను ఆయన పలికించారు. కళ చేతిలో ఉన్నవారు దాన్ని ఎవరి కోసం వాడాలో తెలియాలంటే ఈ కావ్యం చదవండి. తెలుగు పద్యం కష్టమైతే నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

రోజూ ఎదురయ్యే చిక్కులు

పెద్ద పాపాల గురించి ప్రసంగాలు చాలానే విన్నారు. మీ వయసు పిల్లలు యౌవనస్థుల కూడిక అయ్యాక, పార్కింగ్ లాట్‌లో, పాస్టరుగారు వినడం లేదని చూసుకుని అడిగే ప్రశ్నలు వేరు. వాటిలో కొన్ని చూద్దాం. అంతకుముందు ఒంగోలులో జరిగిన ఒక సంగతి.

1876–78 నాటి కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకున్నారు. వేలమందికి కూలి దొరికింది. పనిలో ఉన్నవాళ్ళు, పని చేయించిన బోధకుల మాటలు విన్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడగసాగారు. సంఖ్య పెరిగితే సంతోషించే మిషనుకు ఇంతకంటే ఏం కావాలి? క్లౌ కుదరదన్నారు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదు, వాళ్ళకై వాళ్ళు కూడా అలా అనుకోకూడదు. కరువు పనులు ఆగి, ఇక పంచడానికి ఏమీ లేదని అందరికీ తెలిశాకే తలుపు తీశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకెను అందరూ గొప్పగా చెప్తారు. అంతకుముందు నెలల తరబడి "ఇప్పుడు కాదు" అన్న మాట నాకు ఆ అంకె కంటే గొప్పగా తోస్తుంది. లాభం చేతికి అందుతున్నప్పుడే నీతికి పరీక్ష.

మొదటి ప్రశ్న: "రెజ్యూమేలో మూడేళ్ళ ఫేక్ పెట్టుకోమంటున్నారు. అందరూ పెడుతున్నారు. తప్పా?" తప్పే. చేయని పనికి అనుభవం రాసుకుంటే, నిజంగా ఆ పని చేసి దరఖాస్తు పెట్టిన ఒకరి చోటు మీరు తీసుకున్నట్టు. ఆ మనిషి మీకు కనిపించడు కాబట్టి నొప్పి తెలియదు, అంతే. పైగా ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ప్రతి ఇంటర్వ్యూలో, ప్రతి వీసా కాగితంలో ఇంకో అబద్ధం చెప్పుకుంటూ పోవాలి. ఇంటి దగ్గర లక్షల అప్పు ఉన్న పిల్లలకు ఈ మాట చెప్పడం సులువు కాదని తెలుసు. అందుకే ఇది వాళ్ళ ఒక్కరి బాధ్యత కాదు. స్థిరపడిన పెద్దలు నిజమైన రెఫరల్ ఇచ్చి, ఆరు నెలలు ఇంట్లో గది ఇస్తే, ఫేక్ పెట్టే అవసరం చాలామందికి తప్పుతుంది.

రెండోది: "వ్యాసం ఏఐతో రాయించుకోవచ్చా?" మీ టీచరు ఒప్పుకున్నంత మేరకు వాడుకోండి, వాడుకున్నానని చెప్పండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటే జవాబు మీకు అక్కడే దొరికినట్టు. దేవుడు ఇచ్చిన బుర్రకు కృతజ్ఞత చూపే మార్గం దాన్ని వాడటమే.

మూడోది కాస్త సున్నితమైనది: "స్నేహితుడి ఇంట్లో వినాయకచవితికి ప్రసాదం పెడితే ఏం చేయాలి?" దీని మీద క్రైస్తవ కుటుంబాల్లోనే ఏకాభిప్రాయం లేదు. కొరింథు సంఘంలో ఇదే చిక్కు వస్తే పౌలు తన మొదటి పత్రికలో 8 నుంచి 10 అధ్యాయాల దాకా దీని గురించే ఎక్కువగా రాశాడు. అక్కడ మనస్సాక్షికి చోటిచ్చాడు, హద్దులూ గీశాడు, తెలివి కంటే ప్రేమ ముఖ్యమన్నాడు. చదివి, మీ ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోండి. తీసుకున్నా, వద్దన్నా, ప్రేమతో పెట్టిన చేతిని చిన్నబుచ్చకండి. "ఆంటీ, మా ఇంట్లో తినమండీ, మీ పులిహోర ఉంటే పెట్టండి" అని నవ్వుతూ చెప్పే పిల్లవాడిని ఏ తెలుగు తల్లీ తప్పుపట్టదు.

నాలుగోది ఎవరూ పైకి అడగరు. కులం. తెలుగు సంఘం ఎక్కువగా మాల, మాదిగ పల్లెల నుంచి పెరిగింది. మంచినీళ్ళ బావి, గుడి, బడి మూసేసిన జనానికి సువార్త ముందుగా ఇచ్చింది గౌరవం. అలాంటి సంఘంలోనూ పెళ్ళి మాట వచ్చేసరికి "క్రిస్టియన్సే, కానీ ఏ క్రిస్టియన్స్?" అన్న ప్రశ్న సముద్రాలు దాటి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను చట్టంతో నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. నగరపాలక సంస్థ చెప్పాక మానడం కంటే, బైబిలు చదివేవాళ్ళం ముందే మానేసి ఉండాల్సింది. ఎదుటివారి ఇంటిపేరు వినగానే లోపల లెక్క వేసే అలవాటు పెద్దవాళ్ళది. మీకు దాన్ని వారసత్వంగా తీసుకోవాల్సిన పని లేదు.

కృతజ్ఞతకూ ఈ నీతి ప్రశ్నలకూ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే జక్కయ్యను చూపించండి. సుంకపు గుత్తదారుడు, ఊరందరూ అసహ్యించుకున్న మనిషి. యేసు అతని ఇంటికి అతిథిగా వెళ్ళాడు. ఆ సంతోషంలో జక్కయ్య పాట పాడలేదు, సాక్ష్యం చెప్పలేదు. లేచి నిలబడి, ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు చెల్లిస్తానన్నాడు. లెక్క తేల్చడమే అతని స్తోత్రం.

కాబట్టి పిల్లలూ, ఈ సంచిక మూసేముందు ఒక పేరు రాసుకోండి. మీరు తిరిగివ్వాల్సిన డబ్బు, చెప్పాల్సిన క్షమాపణ, ఇవ్వాల్సిన గుర్తింపు, ఏది బాకీ ఉన్నా సరే, ఎవరికి ఉందో ఆ మనిషి పేరు రాసుకోండి. వచ్చే ఆదివారం ఆరాధనకు వెళ్ళేలోపు ఆ బాకీ తీర్చేయండి.