‘ఆయ్’ అనే ముందు ఒక్క ప్రశ్న!

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పోయినేడాది మా ఊరి సేవా ట్రస్టు బోర్డులో నన్నూ వేశారు. మొదటి మీటింగులో కాఫీలయ్యాక లెక్కల పుస్తకం వచ్చింది. ‘ఇక్కడో సంతకం పెట్టెయ్ అబ్బాయ్’ అన్నారు పెద్దాయన. ‘ఆయ్’ అని పెట్టేశాను. గోదారోళ్ల మొహమాటం తెలిసిందేగా!

ఆ రాత్రి సత్యం కంప్యూటర్స్ గుర్తొచ్చింది. వ్యవస్థాపకుడు రామలింగరాజుదీ భీమవరమే. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, మాజీ కేబినెట్ కార్యదర్శి లాంటి హేమాహేమీలు. అయినా 2008 డిసెంబర్ 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆ బోర్డు సరేనంది. ఇన్వెస్టర్లు మండిపడ్డారు. గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజు లేఖతో అసలు గుట్టు బయటపడింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవు!

తర్వాతి మీటింగులో గొంతు పెగుల్చుకుని అడిగేశా.. ‘బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్తారా అండీ?’

‘నా మీద నమ్మకం లేదా?’ అన్నారు పెద్దాయన.

‘ఉందండీ. రేపు మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపకూడదనే అడుగుతున్నా.’

ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం మా మీటింగుల్లో కాఫీ కంటే ముందు స్టేట్‌మెంటే వస్తోంది. కంపెనీ అయినా, ట్రస్టు అయినా.. డైరెక్టర్ సంతకమంటే మర్యాద కాదు, పూచీ!