ఆకు రాలిన నల్లమలలో నీటి పక్కన

వసంతం చివరికొచ్చే వేళ నల్లమలకు వెళ్తే కంటికి పచ్చదనం పెద్దగా ఆనదు. ఇది ఆకురాల్చే అడవి. మద్ది, ఏగిస చెట్లు బోసిపోయి, నేలంతా ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి. అందం చూద్దామని వచ్చినవారు పెదవి విరుస్తారు. జంతువుల్ని చూడాలనుకునేవారికి మాత్రం ఇంతకన్నా మంచి అదను లేదు. ఆకులు లేని అడవిలో చూపు దూరం పారుతుంది. వాగులు ఎండిపోతాయి కనుక, ప్రాణులన్నీ మిగిలిన కొద్దిపాటి నీళ్ల చుట్టూ చేరతాయి.

తెలంగాణ వైపు నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు దీని మధ్యనుంచే సాగుతుంది. మన్ననూరు దాటాక ఫర్హాబాద్ దగ్గర సఫారీ వాహనం ఎక్కవచ్చు. వేసవిలో అటవీ సిబ్బంది లోపల అక్కడక్కడా సాసర్ పిట్లలో నీళ్లు నింపుతారు. ఇవి పళ్లెంలా అంచు వాలుగా ఉండే తొట్లు. దుప్పి పిల్ల కూడా జారిపడే భయం లేకుండా మూతి పెట్టి తాగగలదు.

తెల్లవారుజామున, పొద్దు వాలాక జంతువులు బయటికొస్తాయి. మిట్టమధ్యాహ్నం తిరిగి లాభం లేదు.

కొండముచ్చులు చెట్టుమీద ఉంటే కింద చుక్కల దుప్పులు ఉండే అవకాశం ఎక్కువ. అవి తుంచి పడేసే ఆకులు, కాయలు వీటికి మేత. పైనున్న కోతి చూపు, కిందున్న దుప్పి ముక్కు కలిసి కావలి కాస్తాయి. పులో చిరుతో కదిలితే రెండూ గగ్గోలు పెడతాయి. కణితి (సాంబార్ దుప్పి) కూడా అరిస్తే అనుమానమే అక్కర్లేదు. పులి కనబడకపోయినా, ఆ అరుపుల వెంట అది ఎటు నడుస్తోందో చెవులతో పట్టుకోవడం గొప్ప అనుభవం. పులి ఫోటో దొరకలేదని దిగులుపడేవారు అడవిని సగమే చూసినట్టు.

ఇప్పపూలు రాలేది కూడా ఈ రోజుల్లోనే. రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి చెట్టు కింద పడే ఆ తియ్యటి పూల కోసం ఎలుగుబంటి వస్తుంది. ఏరుకోవడానికి ఈ అడవిలో బతికే చెంచు గిరిజనులూ అదే వేళకు వస్తారు. ఎలుగు చూపు అంతంతమాత్రం. హఠాత్తుగా మనిషి ఎదురైతే మీదపడుతుంది. అడవి గురించి అంత తెలిసినవారే జాగ్రత్తగా అడుగేసే చోట సందర్శకులు వాహనం దిగకూడదు.

తొలకరి పడితే ఎక్కడికక్కడ గుంటలు నిండుతాయి, జంతువులు చెదిరిపోతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. చూడాలనుకునేవారు ఆలోపే బయల్దేరాలి. దారిలో కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసరవద్దు. తిండికి అలవాటుపడి రోడ్డెక్కిన కోతులు వాహనాల కింద పడి చనిపోతున్నాయి.