ఖుర్తుబా: చూసినదీ, తిన్నదీ

ఉర్దూ సాహిత్యంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికెవరికైనా ‘ఖుర్తుబా’ అన్న పేరు వినగానే ముందుగా ఒక కవిత జ్ఞప్తికి వస్తుంది. మహాకవి ఇక్బాల్ 1933లో స్పెయిన్ దేశంలోని ఆ నగరాన్ని దర్శించి ‘మస్జిదె ఖుర్తుబా’ అనే దీర్ఘ కవితను రచించాడు. 1935లో వెలువడిన ‘బాలె జిబ్రీల్’ సంపుటిలో అది చేరింది. తెలుగు బోధించే నేను ఆ కవితను పాఠంగా చదువుకున్నవాడిని కాను. పక్క తరగతిలో ఉర్దూ ఉపన్యాసకులు చెబుతూ ఉంటే గోడకు ఇవతలనుంచి విని అభిమానించినవాడిని. మూడేళ్ళపాటు కూడబెట్టిన సొమ్ముతో, సంక్రాంతి సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని, నేనూ మా శ్రీమతీ ఆ నగరానికి ప్రయాణమైనప్పుడు నా మనస్సు నిండా ఆ కవితే ఉన్నది. ఆమె చేతిసంచిలో మాత్రం నిమ్మకాయ ఊరగాయ, కారంపొడి ఉన్నవి. “అక్కడ మనం తినదగినది ఏమి దొరుకుతుందండీ?” అన్నదే ఆమె ప్రశ్న. నా కవితాభిమానం కంటే ఆ ప్రశ్నయే నాకు ఆ నగరాన్ని ఎక్కువగా చూపించిందని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

స్పానిష్ వారు ఆ నగరాన్ని కొర్దోబా అంటారు. రాజధాని మాద్రిద్ నుంచి వేగపు రైలులో రెండు గంటల లోపు ప్రయాణం. ఊరి పక్కన పారే నది పేరు గ్వాదల్కివీర్. ఈ పేరును కొంచెం మెల్లగా పలికితే అరబ్బీ ‘వాదీ అల్ కబీర్’ వినిపిస్తుంది. పెద్ద నది అని అర్థం. మేము వెళ్ళినది జనవరి కాబట్టి ఉదయం చలి గజగజలాడించేది. కాని వేసవిలో ఆ ఊరు మన రాయలసీమకు ఏమాత్రం తీసిపోదు. 2021 ఆగస్టులో అక్కడ 46.9 డిగ్రీల ఎండ కాసింది. ఆ ఊరి ఇళ్ళ తీరు, భోజన వేళలు, చల్లని పులుసులు అర్థం కావాలంటే ఈ ఎండను మొదట గుర్తుంచుకోవాలి.

ఇక మసీదు. దమాస్కసులో ఉమయ్యద్ వంశం 750లో కూలిపోగా, ప్రాణాలతో బయటపడిన రాకుమారుడు అబ్దుర్రహ్మాన్ ఆరేళ్ళకు ఖుర్తుబాను గెలుచుకొని కొత్త రాజ్యాన్ని స్థాపించాడు. ఆయనే 785 ప్రాంతంలో ఈ కట్టడాన్ని ఆరంభించాడు. నేడు అందులో 856 స్తంభాలు మిగిలి ఉన్నవి. అవి ఒక అడవిలా ఉన్నవని చూసినవారందరూ వ్రాశారు. నేను మళ్ళీ వ్రాయను. విద్యార్థులు గ్రహించవలసినది ఆ స్తంభాల మీద కమానులు రెండంతస్తులుగా ఎందుకున్నవన్నది. తొలి నిర్మాతలు స్తంభాలను చాలావరకు కొత్తగా చెక్కించలేదు. పాడుబడిన రోమన్ భవనాలనుంచి, అంతకుముందటి క్రైస్తవ కట్టడాలనుంచి తెచ్చి నిలబెట్టారు. అవి పొట్టివి, అంత విశాలమైన మందిరానికి ఆ ఎత్తు చాలదు. అందుచేత స్తంభంపై మరొక రాతి దిమ్మెను లేపి, గుర్రపు లాడము ఆకారంలో ఒక కమానును క్రింద వేసి, దానిపై అర్ధవృత్తాకారపు కమానును మరొకటి వేశారు. క్రిందిది స్తంభాలు పక్కకు ఒరగకుండా పట్టి ఉంచుతుంది. పైది కప్పు బరువును మోస్తుంది. రెంటి నడుమ గోడ లేదు కాబట్టి గాలీ వెలుతురూ నిరాటంకంగా ప్రసరిస్తవి. తెల్లరాయి, ఎర్ర ఇటుక ఒకదాని పక్కన ఒకటి పేర్చడం వలన ఆ చారలు ఏర్పడినవి. లేమిలోనుంచి పుట్టిన ఉపాయం ఇంతటి సౌందర్యంగా పరిణమించడం చూసి నేను చాలాసేపు కదలలేకపోయాను.

తరువాతి పాలకులు మూడుసార్లు దీనిని పొడిగించారు. రెండవ హకమ్ కాలంలో, అంటే పదవ శతాబ్దంలో, కట్టిన మిహ్రాబు అన్నిటిలోకీ అందమైనది. దాని బంగారు రంగు గాజుపలుకుల పనికి కాన్‌స్టాంటినోపుల్‌లోని క్రైస్తవ చక్రవర్తి పనివానిని, సామగ్రిని పంపించాడు. చివరిగా పెంచినవాడు మంత్రి మన్సూర్. ఆయన పెంచిన భాగంలో కమానుల ఎర్రచారలు ఇటుక కావు, రాతిమీద పూసిన రంగు మాత్రమే. అందరికంటే ఎక్కువ విస్తీర్ణం చేర్చినవాడూ ఆయనే. హకమ్ సేకరించిన మహా గ్రంథాలయంలోనుంచి తత్త్వశాస్త్ర గ్రంథాలను ఏరించి తగులబెట్టించినవాడూ ఆయనే. ఖుర్తుబా వైభవాన్ని కీర్తించే మనవారు ఈ రెండవ సంగతిని సాధారణంగా దాటవేస్తారు. ఆ ఊరిలో పుట్టిన మహా తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్‌ను వృద్ధాప్యంలో ఊరి నుంచి వెళ్ళగొట్టినది ముస్లిము పాలకులే. అక్కడే పుట్టిన యూదు పండితుడు మైమోనిదెస్ కుటుంబం వలస పోవలసి వచ్చినదీ వారి ఏలుబడిలోనే. నేడు ఇద్దరి విగ్రహాలూ పాత ఊరిలో ఉన్నవి.

1236లో కాస్తీల్ రాజు మూడవ ఫెర్నాందో నగరాన్ని జయించగా మసీదు చర్చి అయింది. 1523లో కట్టడం నడిమధ్యన కొన్ని వరుసలను తొలగించి పెద్ద కెథీడ్రల్‌ను నిర్మించసాగారు. నగర సభ దీనిని తీవ్రంగా వ్యతిరేకించింది; చక్రవర్తి ఐదవ చార్లెస్ అనుమతించాడు. తరువాత స్వయంగా వచ్చి చూసి, ఎక్కడైనా కట్టగలిగినదానికోసం మరెక్కడా లేనిదానిని చెడగొట్టారని ఆయన విచారించాడని ఒక ప్రతీతి. నేడు అక్కడ కాథలిక్ ఆరాధన మాత్రమే జరుగుతుంది. నమాజుకు అనుమతి లేదు. ఇది మేము తెలిసి వెళ్ళిన విషయమే. అయినా మిహ్రాబు ముందరి ఇనుప కటకటాల దగ్గర నిలబడినప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది. కవితలోని పంక్తులు గుర్తు తెచ్చుకుంటూ, పోయినదాని గురించి శ్రీమతితో ఏదో చెప్పబోయాను. ఆమె పక్కన లేదు. వెతుక్కుంటూ బయటి ముంగిలిలోనికి వచ్చాను.

ఆ ముంగిలి పేరు నారింజల ప్రాంగణం. ఆమె ఒక చెట్టు ముందు వంగి, నేలను పరిశీలనగా చూస్తున్నది. ఆమె పుట్టిల్లు బత్తాయి తోటలున్న పల్లె. అక్కడి చెట్లు వరుసలుగా ఉన్నవి. ప్రతి చెట్టుకూ గుండ్రని పాదు, పాదునుంచి పాదుకు రాళ్ళు పరచిన సన్నని కాలువ. “మా అబ్బా తోటలోనూ ఇంతేనండీ. ఇక్కడ మడవ కడితే నీళ్ళు ఆ వరుసకు పోతాయి, అక్కడ విప్పితే ఈ వరుసకు వస్తాయి,” అని చేతితో చూపించింది. నేను లోపల గతించినదానికి దుఃఖిస్తూ ఉండగా, ఆమె బయట బ్రతికి ఉన్నదానిని గుర్తు పట్టింది. ప్రస్తుతమున్న చెట్లు క్రైస్తవుల కాలంలో నాటినవే. కాని ఆ నీటిపారుదల విద్యను ఆ నేలకు విస్తారంగా నేర్పినవారు అరబ్బులు. కాలువకు స్పానిష్ మాట ‘అసేకియా’. అది అరబ్బీ ‘సాఖియా’ తప్ప వేరు కాదు.

ఆ చెట్ల పండ్లు చేదు నారింజలు. తినడానికి పనికిరావు, మురబ్బాకు మాత్రం శ్రేష్ఠం. తీపి నారింజ ఐరోపాకు కొన్ని శతాబ్దాల తరువాత వచ్చినది. స్పానిష్‌లో నారింజను ‘నరాంహా’ అంటారు. సంస్కృత ‘నారంగ’, పారసీక ‘నారంగ్’, అరబ్బీ ‘నారంజ్’ అయి, అక్కడికి చేరింది. మన నారింజ కూడా ఆ కుటుంబానిదే. శర్కర ‘సుక్కర్’ అయి, అక్కడ ‘అసూకర్’ అయింది. ఒలీవ పండు ‘అసెయ్‌తూనా’; అందులోని జైతూన్‌ను ఉర్దూ విద్యార్థులు వెంటనే పోల్చుకోగలరు. కుంకుమపువ్వు ‘అసఫ్రాన్’, అంటే మన జాఫ్రానే. వంకాయ కథ మరీ విచిత్రం. సంస్కృత ‘వాతింగణ’ పారసీక, అరబ్బీల మీదుగా ‘బాదింజాన్’ అయి, స్పానిష్‌లో ‘బెరెన్‌హేనా’గా స్థిరపడింది. పొరుగున ఉన్న పోర్చుగీసువారి నోట ‘బెరింజేలా’ అయి, వారి ఓడలలో హిందూదేశానికి తిరిగివచ్చి, మన ఇంగ్లీషులో ‘బ్రింజాల్’గా దిగింది. ఇక్కడి కాయ అక్కడికి పోయి, పేరు మార్చుకొని పుట్టింటికి వచ్చిందన్నమాట.

ఆ రోజు మధ్యాహ్నం మేము తిన్నది ఆ వంకాయనే. సన్నగా కోసి, పిండి అద్ది, ఒలీవ నూనెలో కరకరలాడేటట్లు వేయించి, పైన చెరకు పాకం సన్నని ధారగా పోసి ఇస్తారు. వంకాయకు తీపి ఏమిటని మొదట మొహం చిట్లించిన శ్రీమతి, పళ్ళెం ఖాళీ అయిన తరువాత రెండవది తెప్పించమన్నది. అక్కడ భోజనశాలలలో ఏ వంటకాన్నయినా సగం పాలు అడగవచ్చును. ఇద్దరే వెళ్ళినవారికి ఇది గొప్ప సదుపాయం. నాలుగు రకాలు రుచి చూడవచ్చును, పారవేయనక్కరలేదు. భోజన వేళలు మాత్రం మనకు పరీక్షే: మధ్యాహ్నం రెండు దాటాక, రాత్రి తొమ్మిది దాటాక. ఒకటిన్నరకు వెళ్ళి కూర్చుంటే కుర్చీలు సర్దుతూ మమ్మల్ని జాలిగా చూశారు.

ఆ ఊరి ప్రత్యేక వంటకం ‘సల్మొరేహో’. ఎండిన రొట్టె, టమాటా, వెల్లుల్లి, ఒలీవ నూనె కలిపి మెత్తగా నూరిన చల్లని చిక్కటి పులుసు. టమాటా అమెరికానుంచి వచ్చినది కనుక ఈ ఎర్రని పులుసు ఖలీఫాలకు తెలియదు. అంతకంటే పాతది ‘మాసామోర్రా’: టమాటాకు బదులు బాదంపప్పు వేసి నూరినది, పాలవలె తెల్లనిది. ఎండవేళ పొయ్యి వెలిగించకుండా కడుపు నింపే ఉపాయం ఇది. పాలకూర, శనగలు జీలకర్రతో వండిన కూర కూడా తిన్నాము. కన్ను మూసుకొని తింటే ఇంట్లో ఉన్నట్లే ఉన్నది. భోజనంలో ముందు పులుసు, తరువాత ముఖ్య వంటకం, చివర మిఠాయి అనే వరుసను బాగ్దాదునుంచి 822లో వచ్చిన గాయకుడు జిర్యాబ్ అక్కడ ప్రవేశపెట్టాడని చెబుతారు. తేనెలో ముంచిన ‘పెస్తీన్యో’ అనే మిఠాయి మన మడతకాజాకు దగ్గరి చుట్టమే.

అయితే ఒక చిక్కు. మొదటి పూట మాకు వచ్చిన సల్మొరేహో పైన ఉడికించిన గ్రుడ్డు తురుముతోపాటు పంది మాంసపు తునకలు చల్లి ఉన్నవి. అదే అక్కడి ఆచారం. పళ్ళెం వెనుకకు పంపి, ‘సిన్ హమోన్’, అంటే ఆ మాంసం లేకుండా, అని అడగడం ఆనాడే నేర్చుకున్నాము. మిఠాయిలలో కూడా కొన్నింటికి పంది కొవ్వు వాడుతారు, అడిగి కొనాలి. మా వంటివారికి చేపలు, గ్రుడ్లు, కూరగాయలు సమృద్ధిగా ఉన్నవి, ఇబ్బంది లేదు. కాని ప్రతి అంగడి కప్పుకూ పంది తొడలు అంత బాహాటంగా వేలాడడం వెనుక రుచి ఒక్కటే కాక చరిత్ర కూడా ఉన్నది. 1492లో యూదులను దేశంనుంచి వెళ్ళగొట్టారు. 1502లో కాస్తీల్ రాజ్యంలోని ముస్లిములను మతం మారండి, లేదా పొండి అన్నారు. మారినవారిమీద కూడా నమ్మకం లేక మతవిచారణ న్యాయస్థానాలు వంటిళ్ళలోనికి తొంగి చూసినవి. పంది మాంసం ముట్టనివారు, కొవ్వు మానుకొని నూనెతో వండేవారు అనుమానితులయ్యారు. చివరకు 1609 నుంచి 1614 వరకు వారి సంతతిని సైతం వెడలగొట్టారు. మనుషులు పోయారు. నూనె వంట మిగిలింది. నేడు ఆ దేశానికి అదే గర్వకారణం. ఈ సంగతి నేను శ్రీమతికి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “పొయ్యి మీద ఏముందో చూసి మనిషిని పట్టుకుపోవడమా!” అన్నది ఒక్కమాట.

ఆ ఊరి ఇళ్ళ ముంగిళ్ళను గురించి కూడా చెప్పాలి. బయట గోడ సున్నం కొట్టి బోసిగా ఉంటుంది. లోపల నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరచిన ముంగిలి, బావి, గోడల నిండా పూలకుండీలు. మన మండువా లోగిలిని, పాతబస్తీ హవేలీల ఆంగనాన్ని తలచుకుంటే చాలు. ఎత్తున ఉన్న కుండీలకు నీరు పోయడానికి పొడుగాటి కర్ర చివర చిన్న డబ్బా కట్టుకుంటారు. ప్రతి మే నెలలో ఈ ముంగిళ్ళకు పోటీలు జరుగుతవి; 2012లో యునెస్కో ఈ ఉత్సవానికి గుర్తింపు ఇచ్చింది. మేము ఆ పూలవేళకు వెళ్ళలేదు. పన్నెండు ముంగిళ్ళున్న వియానా భవనాన్ని మాత్రం చూసి వచ్చాము. ఊరికి పడమట, మూడవ అబ్దుర్రహ్మాన్ 936లో కట్టనారంభించిన జహ్రా నగరపు శిథిలాలకు ఒక పూట సరిపోయింది. అంతటి రాజధాని నూరేళ్ళయినా నిలువక అంతర్యుద్ధంలో నేలమట్టమైంది.

తిరిగి వచ్చిన తరువాత ఒక ఆదివారంనాడు శ్రీమతి బాదంపప్పు నానబెట్టి, నిన్నటి రొట్టె, వెల్లుల్లి వేసి మాసామోర్రా నూరింది. ఒలీవ నూనె ఖరీదు చూసి సగానికి తగ్గించింది. నిమ్మరసం పిండింది. మా అమ్మ ఒక చెంచా నోట వేసుకొని, కొంతసేపు ఆలోచించి, రెండు పచ్చిమిరపకాయలు వేసి మళ్ళీ నూరుకు రమ్మన్నది. మిరపకాయ కూడా టమాటావలెనే అమెరికానుంచి పోర్చుగీసువారు తెచ్చినదే అని చెప్పబోయి, ఆకలిగా ఉండడంచేత ఊరుకున్నాను.