స్క్రీనింగ్ మార్గదర్శకాల అమలు – ఆసుపత్రి ఏర్పాట్ల ప్రభావం

ఒక పరీక్ష అందరికీ చేయాలని మార్గదర్శకాల్లో రాసి ఉంటుంది. డాక్టరుకు ఆ సంగతి తెలుసు. కావలసిన సామగ్రి కూడా ఉంటుంది. అయినా చాలామందికి ఆ పరీక్ష జరగదు. వైద్యసేవల నాణ్యతను నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాల నుంచి చూడాలని అవెడిస్ డొనాబెడియన్ 1966లో ప్రతిపాదించారు. వీటిలో నిర్మాణం, అంటే ఆసుపత్రిలోని ఏర్పాట్లు, ప్రక్రియను ఎలా శాసిస్తుందో ఒకే ఒక్క పరీక్షను తీసుకుని పరిశీలిద్దాం. అది గర్భిణులకు చేసే మధుమేహ పరీక్ష.

దీనిపై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చి, 2018లో సవరించింది. వాటి ప్రకారం ప్రతి గర్భిణికీ మొదటిసారి వచ్చిన రోజే 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి తాగించాలి. రెండు గంటల తరువాత రక్తంలో చక్కెర 140 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే గర్భకాల మధుమేహంగా పరిగణించాలి. లేకపోతే 24–28 వారాల మధ్య మళ్లీ పరీక్షించాలి. ఆమె భోజనం చేసి వచ్చినా ఫరవాలేదు. పరగడుపున రమ్మంటే మరో రోజు రావాలి, మరో రోజు కూలి పోతుంది, చాలామంది రారు. అంటే ఈ నియమాన్ని రాసినవారే ఏర్పాట్ల సంగతి కొంత ఆలోచించారన్నమాట.

అయితే ఆ రెండు గంటలు ఎక్కడ గడవాలి? ఒక ఆసుపత్రిని ఊహించండి. గర్భిణి పది గంటలకు వచ్చి చీటీ తీసుకుంటుంది. పన్నెండుకు డాక్టరు చూసి పరీక్ష రాస్తారు. లాబ్ మరో అంతస్తులో ఉంది, శాంపిళ్లు తీసుకునే వేళ అప్పటికే ముగిసింది. రేపు రమ్మంటారు. ఇప్పుడు అదే ఆసుపత్రిలో ఒక్క మార్పు చేద్దాం. చీటీ ఇచ్చేచోటే నర్సు గ్లూకోజు తాగించి, కార్డుపై సమయం వేస్తుంది. బరువు, బీపీ, డాక్టరు పరీక్ష, ఆహార సలహా అన్నీ ఆ రెండు గంటల్లోనే పూర్తవుతాయి. డబ్బు గాని, సిబ్బంది గాని అదనంగా అక్కరలేదు. కాని డాక్టరు చీటీ లేకుండా పరీక్ష మొదలుపెట్టే అధికారం నర్సుకు రాతపూర్వకంగా ఉండాలి. నా అభిప్రాయంలో శిక్షణ తరగతుల కంటె ఈ ఒక్క ఉత్తర్వు ఎక్కువ పని చేస్తుంది.

శాంపిల్ ప్రయాణం కూడా ఆలోచించవలసినదే. తెలంగాణలో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతిలో బస్తీ దవాఖానాల నుంచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి శాంపిళ్లు వాహనాల్లో కేంద్ర ప్రయోగశాలకు చేరతాయి. హైదరాబాదులో అది నారాయణగూడలో ఉంది. ఎన్నో పరీక్షలకు ఇది మేలైన ఏర్పాటు. చక్కెర విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. తీసిన రక్తంలోని కణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అది గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. 150 ఉన్న విలువ రెండు గంటల్లో 135 దగ్గరికి వస్తుంది. జబ్బు ఉన్న స్త్రీకి లేదని రిపోర్టు వస్తుంది. ఫ్లోరైడ్ కలిపిన బూడిదరంగు మూత ట్యూబు వాడితే ఈ నష్టం తగ్గుతుంది. అక్కడికక్కడే గ్లూకోమీటరుతో చూడాలని మార్గదర్శకాలు చెప్పడం వెనుక ఇటువంటి కారణాలున్నాయి.

రెండో పరీక్షకు మన ఆచారం అడ్డు వస్తుంది. 24–28 వారాలంటే ఆరు, ఏడు నెలలు. బౌద్ధనగర్‌లోనో వారాసిగూడలోనో కాపురమున్న అమ్మాయి తన బస్తీలో పేరు నమోదు చేయించుకుంటుంది. ఏడో నెలలో సీమంతం చేసి, తొలి కాన్పుకు పుట్టింటివారు జనగామకో నల్లగొండకో తీసుకువెళ్తారు. ఇక్కడి ఏఎన్ఎం లెక్కలో ఆమె వెళ్లిపోయింది. అక్కడి ఏఎన్ఎం లెక్కలోకి ఇంకా రాలేదు. ఆమెతోపాటు ప్రయాణించేది తల్లీబిడ్డల కార్డు ఒక్కటే. మొదటి పరీక్ష ఫలితం, రెండో పరీక్ష గడువు తేదీ అందులో రాస్తేనే అవతలి ఆసుపత్రికి తెలుస్తుంది. ఆచారాన్ని తప్పుపట్టి లాభం లేదు. కార్డు నింపడం మన చేతిలో పని.

అన్నిటికంటె పెద్ద లోపం కాన్పు తరువాత కనబడుతుంది. గర్భకాల మధుమేహం వచ్చిన స్త్రీకి తరువాతి కాలంలో మధుమేహం వచ్చే అవకాశం ఇతరుల కంటె కనీసం ఏడు రెట్లు ఎక్కువ. అందుకే కాన్పు తరువాత ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజుతో పరీక్షించాలి. కాని అప్పటికి ఆమె ఎవరి రోగి? ప్రసూతి విభాగం ఆమెను డిశ్చార్జి చేసింది. పిల్లల విభాగానికి బిడ్డే రోగి. జనరల్ మెడిసిన్ విభాగానికి ఆమె పేరే తెలియదు. 2017లో ప్రారంభమైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చే ఏర్పాటు చేశారు. కాన్పు తరువాతి విడతలను బిడ్డ టీకాలతో ముడిపెట్టారు. తల్లి చక్కెర పరీక్షతో ఏ విడతా ముడిపడలేదు. ఇక జనాభా ప్రాతిపదికన జరిగే మధుమేహ స్క్రీనింగ్ 30 ఏళ్లు నిండినవారికే. 22 ఏళ్ల తల్లి ఎనిమిదేళ్లు ఏ జాబితాలోనూ ఉండదు.

ఒక మార్గం కళ్లెదుటే ఉంది. బిడ్డకు పెంటావాలెంట్ మొదటి డోసు వేయవలసినది సరిగ్గా ఆరు వారాలకే. టీకా వేశాక ఎలాగూ అరగంట ఆగమంటారు. ఆ గదిలోనే తల్లికి కూడా గ్లూకోజు ఇచ్చి, ఇంకొంతసేపు ఆపితే పరీక్ష పూర్తవుతుంది. దీనికి టీకాల రిజిస్టరులో తల్లికి ఒక గడి చేర్చాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఎవరు అడుగుతారో కూడా ముందే నిర్ణయించాలి. ప్రసూతి, పిల్లల విభాగాల అధిపతులు ఒకేచోట కూర్చుని ఒప్పుకోవలసిన విషయమిది. ఆసుపత్రి పరిపాలనలో కష్టమైన భాగం సాధారణంగా అక్కడే ఉంటుంది.

అభ్యాసం: మీకు దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి గర్భిణుల పరీక్షలు జరిగే రోజున వెళ్లి, ఒక గర్భిణి వచ్చినప్పటి నుంచి తిరిగి వెళ్లేవరకు ఎక్కడెక్కడ ఎంతసేపు వేచి ఉన్నదో నమోదు చేయండి. రెండు గంటల పరీక్షను అందులో ఎక్కడ ఇమడ్చవచ్చునో 15 వాక్యాల్లో రాయండి.