కోతపడిన ఆరు వేలు

2025 వేసవి సెలవులలో ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని రెండు నెలలు న్యాయవాదుల సంస్థలో తాత్కాలికంగా పనిచేసిందనుకుందాం. కుదిరిన ప్రతిఫలం 60,000 రూపాయలు, చేతికందినది 54,000. హాస్టలు బాకీకి ఉద్దేశించిన ఆరు వేలు ఏమైనట్లు?

సంస్థ దిగమింగలేదు. వృత్తిపరమైన రుసుము ఏడాదిలో 50,000 దాటితే, నూటికి పది చొప్పున మినహాయించి ప్రభుత్వానికి జమకట్టడం దాని విధి. పాన్ నంబరు ఇవ్వకుంటే కోత నూటికి ఇరవై! పుచ్చుకొనేవారికి అసలు పన్ను పడుతుందా అన్న విచారణ సంస్థకు లేదు. 2025-26లో నూతన పద్ధతి ప్రకారం 4 లక్షల ఆదాయం వరకు పన్నే లేదు. వేరే ఆదాయం లేని ఆమెకు ఆ సొమ్మంతా తిరిగి రావలసినదే.

అయితే అడగనిదే అమ్మయినా పెట్టదు. రిటర్ను దాఖలు చేయాలి. అంతకుముందు 26ఎ.ఎస్. పట్టికలో ఆ కోత తన పాన్ నంబరు కింద నమోదయినదో లేదో చూసుకోవాలి. చిక్కు వచ్చేది ఇక్కడే. నమోదు కాకుంటే మొహమాటపడక సంస్థ చేతనే సరిచేయించుకోవాలి. దాఖలైన 30 రోజులలోగా రిటర్నును ధ్రువీకరించడమూ మరువరాదు.

గడువులోగా దాఖలు చేస్తే 2026 ఏప్రిల్ 1 నుంచి నెలకు నూటికి అర్ధరూపాయి వడ్డీ కూడా కలిసి, సొమ్ము ఆమె బ్యాంకు ఖాతాకే చేరుతుంది.